ఒక ఖాకీ స్వెట్టర్, రెండు లాట్లు, మా నాయన చెప్పిన కిటుకు

మే నెల తిరుపతిలో ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారతా ఉంటాయి, అట్లాంటి టైమ్‌లో ఒళ్ళో ఉలన్ దారం పెట్టుకుని స్వెట్టర్ అల్లతా ఉంటే చూసినోళ్ళకి నవ్వు రాకుండా ఎట్లా ఉంటుంది. మా ఎదురింటి అక్క గేటు దగ్గరే నిలబడి "ఏమ్మే, ఒంట్లో బాగానే ఉందా నీకి" అనింది.

నాకు బాగానే ఉంది. మా ఆయన కొండకి బస్సు నడుపుతాడు. తెల్లవారుజాము డ్యూటీ పడిందంటే డిసెంబర్, జనవరిలో కష్టం, కింద అలిపిరి దగ్గర ఉండే చలి వేరు, 850 మీటర్ల ఎత్తులో పైన తిరుమల బస్టాండులో మంచు కమ్మేసినప్పుడు ఉండే చలి వేరు. పోయిన జనవరిలో దగ్గు పట్టుకుంటే నెల దాకా వదల్లేదు. బజార్లో కొన్న నేవీ బ్లూ స్వెట్టర్ ఒకటి ఉంది, అది వేసుకో అంటే "యూనిఫాం మీద రంగుది బాగుండదు, ఖాకీది ఉంటే చెప్పు వేసుకుంటా" అన్నాడు. తప్పించుకోడానికి అన్నాడని నాకు తెలుసు, కానీ నేను ఆ మాట పట్టుకున్నాను. చలికాలం స్వెట్టర్ చలికాలంలో మొదలుపెడితే నా స్పీడుకి ఉగాదికి అవుతుంది, వంట, పిల్లలు, టిఫిన్ బాక్సులు అన్నీ అయ్యాక మిగిలే గంటలో రోజుకి పది వరసలు అల్లితే గొప్ప. అందుకే ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టాలని లెక్కేసుకున్నా.

మొదట ఊర్లోనే వెతికినా. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, ఫ్యాన్సీ షాపులన్నీ తిరిగినా. పింకు ఉంది, చంటిపిల్లల నీలం ఉంది, పసుపుపచ్చ ఉంది, గుమ్మానికి తోరణాలు అల్లుకునేవాళ్ళు కొంటారు కాబట్టి అవే తెప్పిస్తారు. ఖాకీ అంటే షాపాయన నన్ను ఎగాదిగా చూసి "టైలర్ షాపులో అడగండి మేడమ్, గుడ్డ దొరుకుతుంది" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే మా అత్త "మన గొర్రెలకి ఉన్ని యాడుందే, ఉంటే నేనే కత్తిరించి ఇచ్చేదాన్ని" అనింది. ఆమె మాట నిజమే, మన పక్క కనిపించే నెల్లూరు జాతి గొర్రెలకి ఒంటి మీద ఉండేది వెంట్రుకలే, మాంసానికి పెంచేవి అవి. పలమనేరు, మదనపల్లె పక్క కురబోళ్ళు నేసే నల్ల కంబళ్ళ ఉన్ని వేరే జాతి గొర్రెలది, అది చొక్కా మీద వేసుకుంటే మెడంతా గీరుకుంటుంది.

మా అక్క కోయంబత్తూరులో ఉంటుంది, నాకు ఈ అల్లిక నేర్పింది ఆమే, పెద్దది కడుపులో ఉన్నప్పుడు రెండు నెలలు వాళ్ళింట్లో ఉంటే నేర్పింది. ఫోన్ చేస్తే "ఊటీలో దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు, పిల్లోళ్ళని తీసుకుని వచ్చేయండి" అనింది. మా ఆయనకి సెలవు దొరికేది కష్టం, ఎండాకాలం కొండకి జనం ఎట్లా వస్తారో తెలుసు కదా, ఎట్లనో నాలుగు రోజులు సంపాదించినాడు. డేట్ చెప్పగానే మా అత్త "గంగమ్మ జాతర అయ్యేదాకా ఎవురూ ఊరు దాటేది లేదు" అని తేల్చేసింది. చాటింపు పడినాక ఊర్లోవాళ్ళు బయట రాత్రి ఉండకూడదనేది ఆమె పట్టింపు, ఆ విషయంలో ఆమెతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. సరే అని టికెట్లు క్యాన్సిల్ చేసి మళ్ళీ బుక్ చేసినాం. ఆ వారమంతా మా చిన్నోడు ఒళ్ళంతా తెల్లగా పూసుకుని బైరాగి వేషం వేస్తానని ఒకటే గోల, వేసినాడు కూడా, ఆ తెలుపు నా దిండు గలేబుకి ఇంకా పోలేదు.

జాతర అయిపోయిన వారానికి బయల్దేరినాం. రైల్లో కాట్పాడి దాటి సేలం, ఈరోడ్ అయినాక బనియన్లు తయారయ్యే తిరుప్పూరు వస్తుంది. ఆ ఊరు చూడగానే మా ఆయనకి చెప్పినా, నువ్వు వేసుకున్న బనియన్ కూడా అల్లిందే, నేసింది కాదు అని. నమ్మలేదు. బనియన్ అంచు లాగి చూపించినా, నేసిన గుడ్డ అయితే పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఉంటాయి, లాగితే సాగదు, బనియన్‌లో ఒకటే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాన్లోంచి ఒకటి పోతా ఉంటుంది కాబట్టే సాగుతుంది. మిషన్ చేసేదీ అదే, నా రెండు సూదులు చేసేదీ అదే. ఎదురు సీటాయన కూడా వంగి చూస్తా ఉంటే మా ఆయన సిగ్గుపడి చొక్కా గుండీలు పెట్టేసుకున్నాడు.

మేట్టుపాళయం నుంచి బొమ్మ రైలు. టికెట్ అక్క ముందే బుక్ చేసి పెట్టింది, లేకపోతే సీజన్‌లో దొరకదు. 1908లో ఊటీ దాకా వేసిన లైను అది, 46 కిలోమీటర్లు, 208 వంపులు, కూనూరు దాకా పట్టాల మధ్యలో పళ్ళ పట్టా ఒకటి ఉంటుంది, ఇంజిన్ కింద పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ఇంజిన్ ముందర ఉండదు, వెనక నుంచి తోస్తుంది. మా ఆయనకి అది అసలు మింగుడుపడలేదు, "వెనక నుంచి తోస్తే ముందర దారి ఎవడు చూస్తాడు" అని అడిగిందే అడిగినాడు. ప్రతి పెట్టెకీ ముందర ఒక బ్రేకు మనిషి జెండా పట్టుకుని నిలబడి ఉంటాడు, వాళ్ళు చూస్తారు. అది కనుక్కున్నాక గానీ ప్రశాంతంగా కూర్చోలేదు.

కూనూరు దాటినాక కేత్తి అని స్టేషన్ వచ్చింది. అక్క "నీ సూదులు పుట్టింది ఇక్కడే" అనింది. నా దగ్గరుండే పోనీ సూదులు పదేళ్ళవి, వాటి మీద గుర్రప్పిల్ల బొమ్మ చూసి ఏ విదేశమో అనుకుంటా ఉన్నా ఇన్నాళ్ళూ, తీరా చూస్తే అవి తయారయ్యేది ఈ కేత్తి పక్కన నీలగిరుల్లోనే. చిన్నోడి చేత్తో కిటికీలోంచి టాటా చెప్పించినా ఆ ఊరికి.

ఇంక ఊటీలో షాపింగ్. బొటానికల్ గార్డెన్ పక్క టిబెట్ వాళ్ళ మార్కెట్‌లో రెడీమేడ్ స్వెట్టర్లు కుప్పలు, మా ఆయన ఒకటి ఎత్తి "ఇది 600, కొనేసి ఇంటికి పోదాం పద" అన్నాడు. నేను వినలేదు. దారం అమ్మే షాపులు బజార్లో వేరే ఉన్నాయి, నాలుగో షాపులో ఖాకీ కనిపించింది. కరెక్టు ఖాకీ, ఆయన పాత యూనిఫాం చొక్కా కాలరు ముక్క ఒకటి బ్యాగులో పెట్టుకుని పోయినా, దాని పక్కన పెడితే కలిసిపోయింది. నాకు అరవం వచ్చు కాబట్టి బేరం బాగానే ఆడినా, 50 గ్రాముల ఉండ 60 రూపాయలకి ఇచ్చినాడు. "ప్యూర్ ఊల్ మా" అన్నాడు. ఏడు ఉండలే ఉన్నాయి, ఏడూ తీసుకున్నా. 350 గ్రాములు, చేతుల్లేని స్వెట్టర్‌కి సరిపోతుందని నా లెక్క.

రూముకి వచ్చి జానెడు దారం తుంచి అగ్గిపుల్లతో అంటించినాం. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, నలిపితే బూడిదైపోతుంది. ఇది కరిగి నల్లగా గట్టి పూసలాగా ముద్ద కట్టింది. అక్రిలిక్. మా ఆయన పడీ పడీ నవ్వినాడు, "ప్యూర్ ప్లాస్టిక్ మా" అని. నాకేం బాధ లేదు నిజం చెప్పాలంటే, మన ఊరికి అక్రిలిక్కే మేలు, వాషింగ్ మిషన్‌లో వేసినా కుంచించుకుపోదు, పురుగు పట్టదు. కాకపోతే ఉన్ని అని చెప్పి అమ్మకూడదు కదా.

ఆ రోజు రాత్రి రగ్గు కప్పుకుని చిన్న ముక్క అల్లి కొలుచుకున్నా. 8 నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి, మన దగ్గర నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. పది సెంటీమీటర్లకి 22 కుట్లు వచ్చినాయి. ఆయన ఛాతీ 40 ఇంచులు, వదులు 2 ఇంచులు కలిపి, ముందుకి 118, వెనక్కి 118 కుట్లు. ఈ లెక్క రాసుకుని హాయిగా పడుకున్నా.

తిరుగు ప్రయాణం గురించి చెప్పేదేం లేదు, ఊటీ నుంచి బస్సులో దిగేటప్పుడు మా ఆయన ప్రతి వంపులో లేని బ్రేకు తొక్కుతా కూర్చున్నాడు, ఎదురుగా బండి వస్తే ఊపిరి బిగబట్టేది. "మన తిరుమల కొండకి చూడు, 1944లో ఒకటి, 1974లో ఒకటి, దిగేదానికి ఒక దారి ఎక్కేదానికి ఒక దారి, ఎంత సుఖం" అని సేలం దాకా అదే పాట.

ఇంటికొచ్చి కుట్లు ఎక్కించినా. అంచుకి 10 నంబరు సూదులతో ఒకటి తిన్నగా ఒకటి తిరగేసి, ఆ పైన 8 నంబరు. వెనక భాగం జానెడు దాటినాక ఎందుకో అనుమానం వచ్చి కొలిస్తే 49 సెంటీమీటర్లే ఉంది, 53 దాటి ఉండాల్సింది. రెండు వైపులా కలిపితే ఆయన ఛాతీకే చాలదు, ఇంక చొక్కా మీద ఎక్కడ పడుతుంది. లెక్క మళ్ళీ చూసినా, తప్పులేదు. చివరికి అర్థమైంది, ఊటీ చల్లదనంలో వేళ్ళు వదులుగా ఆడినాయి, ఇక్కడ చెమటకి దారం సూదికి అతుక్కుంటా ఉంటే తెలీకుండానే బిగించి లాగతా ఉన్నా, పది సెంటీమీటర్లకి 24 కుట్లు పడతా ఉన్నాయి. అల్లిందంతా విప్పేసినా. చిన్నోడికి మాత్రం పండగ, దారం కొస పట్టుకుని వరండా చివరిదాకా పరిగెత్తినాడు. ఆ తర్వాత 7 నంబరు సూదులు తీసుకున్నా, చేతులకి పౌడర్ రాసుకుని, మిట్టమధ్యాహ్నం కాకుండా తెల్లారి 5 గంటలకి, రాత్రి అందరూ పడుకున్నాక అల్లేదాన్ని.

పగలు ఎట్లాగూ కుదరదు. మిద్దె మీద మా అత్త వడియాలు, ఊర్లోనుంచి వచ్చిన బెంగుళూరా మామిడికాయలు కోసి ఒరుగులు ఎండబెట్టేది, కాకులు రాకుండా కాపలా నాది. ఒకరోజు కాపలా కూర్చుని నాలుగు వరసలు అల్లదామని సూదులు తీస్తే కాకి ఒరుగు ఎత్తుకుపోయింది. "స్వెట్టర్ ఏసుకున్న కాకి యాడన్నా ఉంటే చెప్పు, దానికి గూడా అల్లిద్దువు" అనింది మా అత్త. పెద్దదానికి తొమ్మిదో తరగతి పుస్తకాలు, అట్టలు వేసేది, చిన్నోడి బూట్లు... ఇట్లాంటివాటితోనే జూన్ మొదటి వారం అయిపోయింది.

వెనక భాగం అయిపోయి ఆయన వీపుకి పెట్టి చూస్తే "ఇంకొంచెం పొడుగు కావాలే, సీట్లో కూర్చుంటే వెనక పైకి లేస్తుంది, నడుముకి గాలి కొడుతుంది" అన్నాడు. న్యాయమే, రోజంతా కూర్చునే మనిషికి నిలబడే మనిషి కొలత సరిపోదు. రెండు ఇంచులు పెంచినా. ఆ రెండు ఇంచులే కొంప ముంచినాయి. ముందు భాగం చంక దాకా వచ్చేసరికి ఏడో ఉండలో నిమ్మకాయంత మిగిలింది.

ఊటీ షాపుకి ఫోన్ చేసినా, బిల్లు మీద నంబరు ఉంది. "ఆ లాట్ అయిపోయింది మా, ఇంక రాదు" అన్నాడు. లాట్ అంటే నేను పెద్దగా పట్టించుకోలేదు. కంపెనీ పేరు, షేడ్ నంబరు కాగితం మీద ఉన్నాయి కదా, అదే నంబరు ఎక్కడైనా దొరుకుతుందిలే అని తెల్లారే చెన్నై రైలెక్కినా, ఒక్కదాన్నే, మా అత్త పెరుగన్నం కట్టిచ్చింది తిడతానే. అక్కడ పారీస్ కార్నర్‌లో ఆ సందుల్లో తిరిగి తిరిగి, జిప్పులు, లేసులు, పూసలు హోల్‌సేల్‌గా అమ్మే షాపుల మధ్య ఒకచోట దొరికింది. అదే కంపెనీ, అదే షేడ్ నంబరు. ట్యూబ్ లైటు కింద నా నిమ్మకాయ ఉండని పక్కన పెట్టి చూసినా, తేడా లేదు. నాలుగు ఉండలు కొన్నా.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. అరక్కోణం దాటినాక ఎండ ఒళ్ళో పడింది, అప్పుడు చూసినా. పాతది ఎర్రమట్టి కలిసిన ఖాకీ, కొత్తది కాస్త ఆకుపచ్చ కొట్టే ఖాకీ. కాగితం తిప్పి చూస్తే షేడ్ నంబరు ఒకటే, దాని పక్కన చిన్నగా ఉన్న లాట్ నంబరు వేరే. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. తిరుపతి దాకా పోబుద్ధి కాక పుత్తూరులో దిగేసినా, మా పుట్టిల్లు ఆ పక్కనే.

మాది మగ్గాల ఇల్లు. మా నాయన నలభై ఏళ్ళు గుంత మగ్గం మీద కూర్చున్న మనిషి, మా అమ్మ ఆసు పోసేది, నేను బడికి పోకముందు కండెలు చుట్టి పోయేదాన్ని. నాయన రెండు ఉండలూ తీసుకుని అరుగు మీదికి పోయి, ఎండలో కాదు, నీడలో పెట్టి చూసినాడు. చూసి నా మొహం చూసినాడు. "ఒక కాగులో ముంచిన నూలు, ఇంకో కాగులో ముంచిన నూలు ఒకటిగా వస్తుందా అమ్మా. నీళ్ళు మారతాయి, వేడి మారతాది, రంగు అదే తూకం వేసినా అదే రాదు. మగ్గాలోళ్ళ బిడ్డవి, నీకు నేను చెప్పాలా." చెప్పాలనే కదా వచ్చింది. నాకు తెలుసు అది, చిన్నప్పుడు చీర మధ్యలో నూలు చిలప అయిపోతే ఆయన ఎంత కంగారు పడేవాడో కళ్ళారా చూసినా, కానీ కంపెనీ కాగితం, నంబరు చూసేసరికి మిషన్‌లో వచ్చేది కదా తేడా ఎందుకుంటుంది అనుకున్నా. ఆ లాట్ అనేదే మా నాయన కాగు అని తట్టలేదు.

"మరి ఇప్పుడు ఎట్లా" అంటే ఆయన నవ్వి "రెండు నాడెలు పెట్టుకో" అన్నాడు. నాడె అంటే పేక దారాన్ని పడుగులోంచి అటూ ఇటూ మోసుకుపోయేది. మగ్గంలో పేకకి రంగు తేడా వస్తే రెండు నాడెల్లో రెండు రకాల నూలు పెట్టి మార్చి మార్చి విసురుతారు, ఒకచోట గీత గీసినట్టు మారకుండా తేడా మొత్తం గుడ్డలో కలిసిపోతుంది, కంటికి ఆనదు. అదే నాకూ. ముందు భాగాన్ని కింది అంచు పైదాకా విప్పేసి, పాత దారంతో రెండు వరసలు, కొత్త దారంతో రెండు వరసలు. రెండు రెండు ఎందుకంటే పోయి వచ్చేసరికి దారం మొదలైన పక్కకే చేరుతుంది, తుంచే పని లేదు, పక్కనుంచే పైకి ఎక్కించుకోవచ్చు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు అని రాష్ట్రాలు దాటి వస్తారు జనం, నా స్వెట్టర్‌కి కూడా అక్కడే కట్టు పడింది.

వచ్చేటప్పుడు సగం అల్లింది బ్యాగులోనే వేసుకుని వచ్చినా కాబట్టి అక్కడే కూర్చుని విప్పినాం. విప్పిన దారం ఇడియాప్పం లాగా మెలికలు మెలికలు, అట్లనే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. మా అమ్మ నా రెండు చేతులూ చాపమని వాటికి చుట్టి చిలప కట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడేసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండకుండా దండెం మీద వేసింది. తెల్లారేసరికి తిన్నగా అయిపోయింది. రాత్రికి సంగటి, ఊరిబిండి. మూడేళ్ళయింది ఆ ఇంట్లో రాత్రి పడుకుని. పండక్కి పోతే సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేయడం, పిల్లోళ్ళ స్కూలు, ఆయన డ్యూటీ. దారం అయిపోతే గానీ పుట్టింటికి పోలేదని అమ్మ అనలేదు, నాకే అనిపించింది.

జూన్ 12న బడులు తెరిచినాక ఇల్లు ఖాళీ, పని చకచకా నడిచింది. వెనక భాగం మొత్తం పాత లాట్, ముందు భాగం రెండూ కలిపి, మెడకీ చంకలకీ పట్టీలు మాత్రం మొత్తం కొత్త దారంతోనే అల్లినా, అక్కడ తేడా ఉన్నా కావాలని చేసినట్టు ఉంటుంది. పక్కలు కలిపి కుట్టి చూస్తే, చెప్పితే తప్ప తెలీదు. చెప్పినా మా ఆయనకి తెలీలేదు, "ఏది తేడా, యాడ తేడా" అని ట్యూబ్ లైటు కింద తిప్పి తిప్పి చూస్తాడు, ఎండలోకి పో అంటే పోడు.

జూన్ చివర్లో ఒకరోజు రాత్రి కరెంటు కూడా లేని టైమ్‌లో వేయించి చూసినా. ఐదు నిమిషాల్లో చెమటతో తడిసిపోయినాడు, అయినా తీయలేదు, కుర్చీలో కూర్చుని స్టీరింగ్ తిప్పినట్టు అటు తిరిగి ఇటు తిరిగి చూసినాడు. వెనక పైకి లేవలేదు. "బానే ఉంది" అన్నాడు, ఆయన నోట్లోంచి అంతకంటే ఎక్కువ రాదు.

ఊటీలో అల్లిన శాంపిల్ ముక్క ఒకటి వంటింట్లో గట్టు మీద వదిలేసి ఉంటే మా అత్త దాంతో పొయ్యి మీద పెనం పట్టుకుని దించింది. అక్రిలిక్ కదా, కరిగి పెనం పిడికి అతుక్కుపోయింది, కత్తితో గీకినా రావడం లేదు. ఆ పెనం మీదే దోసెలు పోస్తా "మిగిలిన దారంతో నాకు కాళ్ళకి మేజోళ్ళు అల్లు, ధనుర్మాసంలో మెట్లెక్కి కొండకి పోవాల" అంటా ఉంది. మూడు ఉండలు ఉన్నాయి, పాతవీ కొత్తవీ కలిపి.